పదిహేడు ఖాళీ అంకెలు

ఆ ఆఫీసులో ఆమెని టేబులమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటుగా. ఎదురుపడితే మాత్రం అందరూ మేడమ్ అనే పిలిచేవాళ్ళు. ఆ చాటు పేరు సంగతి ఆమెకి ఎప్పుడో తెలుసు. తెలియనట్టు నటించేది, లోలోపల పొంగిపోయేది.

టేబుల్ అంటే రాసుకునే బల్ల కాదు. ఆ కంపెనీ స్వెట్టర్లు అల్లే మిషన్లు తయారు చేస్తుంది. డిజైనర్లు కంప్యూటర్ మీద స్వెట్టర్ బొమ్మ గీస్తారు. మిషన్‌కి బొమ్మలు అర్థం కావు, అంకెలైతే అర్థమవుతాయి. అందుకని ఆ బొమ్మని పొడవాటి అంకెల వరసగా మార్చి, చిన్న కార్డులో ఎక్కించి మిషన్‌కి ఇస్తారు. ఆ అంకెల వరసకి బైట్‌కోడ్ అని పేరు. మిషన్ లోపల ఇంటర్‌ప్రెటర్ అనే ప్రోగ్రాం కూర్చుని ఒక్కో అంకె చదువుతుంది, ఆ అంకె వస్తే ఏం పని చెయ్యాలో టేబుల్లో చూసుకుంటుంది. నలభై ఒకటి అంటే దారం మార్చు. నలభై రెండు అంటే దారం కొయ్యి. డెబ్భై ఆరు అంటే ఆగు, మనిషి చెయ్యి పెట్టి దారం ఎక్కించి మీట నొక్కేదాకా కదలకు. ఇలాంటివి రెండొందల పద్నాలుగు వరసలు, తొమ్మిదేళ్ళుగా ఆమె తన చేత్తో టైపు చేస్తూ, దిద్దుతూ, కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చినవి. అందులో ఒక్క వరస పైకి జరిగిందంటే మిషన్ దారం మార్చాల్సిన చోట కోసి పారేస్తుంది.

మిషన్‌కి కొత్త పని నేర్పాల్సి వచ్చినప్పుడు చూడాలి ఆవిడ వైభోగం. మేనేజరు స్వయంగా ఆమె సీటు దగ్గరికి నడిచి వచ్చేవాడు. "మేడమ్, టేబుల్లో ఇంకోటి చేర్చాలి, ఎప్పటికి అవుతుంది?" అనేవాడు. ఆమె కాసేపు పైకప్పు వంక చూసి "రెండ్రోజులు" అనేది. ఆ రెండ్రోజులూ ఆమె దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. మూడోరోజు పొద్దున "అయింది" అనేది. ఆ మాట అన్నాక మళ్ళీ ఎవరూ సరిచూసేవాళ్ళు కాదు. ఇంట్లో అత్తగారు ఆమె పెట్టిన టీలో చక్కెర సరిపోయిందా లేదా అని కూడా రెండుసార్లు రుచి చూసేది. ఆఫీసులో మాత్రం ఆమె మాటకి తిరుగులేదు.

అలాంటి చోటికి తోడికోడల్ని తన చేత్తో తనే తెచ్చి పెట్టుకుంది. మరిదికి పెళ్ళయింది. వచ్చిన పిల్ల కూడా ఇదే చదువు చదివింది. "నీ ఆఫీసులోనే చూడరాదుటే, ఇద్దరూ కలిసి వెళ్ళి కలిసి వస్తారు," అని అత్తగారు చెవిలో జోరీగలా నెల రోజులు పోరింది. సరేనని ఈవిడే వెళ్ళి మేనేజరుతో ఒక మాట చెప్పింది. చెప్పినప్పుడు ఎంత పెద్దమనసుతో చెప్పిందో! తన కింద ఒక మనిషి ఉంటుంది, తను చెబితే నేర్చుకుంటుంది, అక్కా అక్కా అని వెనకాల తిరుగుతుంది. ఇదీ ఆమె వేసుకున్న లెక్క.

తిరిగింది కూడా, మూడు వారాలు. నాలుగో వారంలో చిన్నకోడలు మేనేజరుని ఒక ప్రశ్న అడిగింది.

"ఈ టేబుల్ చేత్తో ఎందుకు రాస్తున్నాం సార్?"

తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేనేజరు గడ్డం గోక్కుని "అదీ నిజమే" అన్నాడు. అంతే, ఆ పిల్ల రెండు వారాలు కూర్చుంది. మిషన్ చేసే పనులన్నీ ఒక ఫైల్లో రాసింది, పనికొక లైను చొప్పున. ఆ ఫైలు చదివి టేబుల్ని తయారుచేసే చిన్న ప్రోగ్రాం రాసింది. బొమ్మని అంకెలుగా మార్చే భాగం కూడా అదే ఫైలు చూసుకుంటుంది. కాబట్టి అక్కడొకటి ఇక్కడొకటి అయ్యే గొడవే లేదు. కొత్త పని చేర్చాలంటే ఒక లైను రాసి మీట నొక్కితే చాలు.

అందరినీ పిలిచి చూపించింది. చిన్నకోడలు మీట నొక్కింది. మేనేజరు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేలోపు టేబుల్ తయారై కూర్చుంది.

"దీనికా మనం రెండేసి రోజులు ఆగేది?" అని మేనేజరు నవ్వాడు. పక్కవాళ్ళు నవ్వారు. పెద్దకోడలు అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వు మొహం మీద అలాగే ఉంది. తయారైన ఫైలు పైన మొదటి లైను కనిపించింది. 'ఇది ప్రోగ్రాం రాసినది. చేత్తో ముట్టుకోవద్దు.' అలాంటి ఫైళ్ళన్నిటి మీదా అలాగే రాస్తారు, అది ఆమెకీ తెలుసు. తెలిసినా ఒళ్ళు మండింది. ఎవరి చేత్తోనమ్మా ముట్టుకోకూడనిది? నిన్నటిదాకా ఆ చెయ్యి లేకపోతే ఒక్క మిషన్ కదిలేదా?

అసూయ అంటే ఏమిటో ఆమెకి అంతకుముందు తెలియదని కాదు. స్కూల్లో పక్క బెంచీ పిల్ల జుట్టు చూసి పడింది, ఆడపడుచు మెడలో గొలుసు చూసి పడింది. అవన్నీ రెండు మూడు రోజుల్లో తగ్గిపోయే జ్వరాలు. ఇది అలాంటిది కాదు. ఆ పిల్ల దగ్గర ఉన్నదేదో తనకి లేదన్న బాధ కాదిది. తన దగ్గర ఉన్నది అసలు ఏమీ కాదని తేలిపోయిన మంట.

ఆ మధ్యాహ్నం చిన్నకోడలు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"అక్కా, ఒకసారి చూసి పెట్టవూ. ఇది నీ చేతుల మీదుగా పెరిగింది. నాకు తెలియనివి ఎన్నో ఉంటాయి. ఏమన్నా తేడా ఉంటే మొహం మీదే చెప్పెయ్."

"చూస్తాలే," అంది పెద్దకోడలు.

చూసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు, తప్పు దొరికింది.

పాత టేబుల్లో పదిహేడు వరసలు ఖాళీవి. వాటికి ఎదురుగా ఏ పనీ ఉండదు. ఆ అంకె వస్తే మిషన్ తప్పు చూపించి నిలిచిపోతుంది, అంతే. ఒకప్పుడు అక్కడ పనులుండేవి, కాలం చెల్లాక తీసేశారు. పని తీసేసినా అంకెని తీసెయ్యకూడదు. తీస్తే కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. ఫ్యాక్టరీల్లో ఆరేళ్ళ కిందటి కార్డులు, ఎనిమిదేళ్ళ కిందటి కార్డులు ఇంకా వాడుతున్నారు. వాటిలో ఉన్నవి పాత అంకెలే, వాటి బొమ్మలు ఎవరి దగ్గరా లేవు. ఆ కార్డు కొత్త టేబుల్ ఉన్న మిషన్‌లో పడితే, అది ఒకటి అడుగుతుంది, మిషన్ ఇంకోటి చేస్తుంది.

చిన్నకోడలు ఆ పదిహేడింటినీ చూసి ఊరికే చోటు తింటున్నాయనుకుంది. తీసేసి, అంకెలన్నీ దగ్గరికి జరిపింది. నూట తొంభై ఏడు వరసల్లో టేబుల్ ముచ్చటగా సర్దుకుంది. ఆమె పెట్టిన పరీక్షలన్నీ కొత్త బొమ్మలతోనే. కొత్త బొమ్మలు కొత్త అంకెలతో తయారవుతాయి కాబట్టి అన్నీ నెగ్గాయి. పాత కార్డు ఒక్కటి పెట్టి ఉంటే తెలిసేది.

నిజం చెప్పాలంటే పెద్దకోడలికి పండగలా అనిపించింది. ఇదే తప్పు ఆమె రెండో ఏడు చేసింది. ఒక వరస తీసేసింది, ఒక ఫ్యాక్టరీలో మూడొందల స్వెట్టర్లు వంకర చేతులతో దిగాయి. అప్పటి మేనేజరు అందరి ముందూ నిలబెట్టి ఉతికి ఆరేశాడు. బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఎవరూ చెప్పలేదు ఆమెకి. తిట్లు తిని నేర్చుకుంది. తను అంత ఏడ్చి నేర్చుకున్నది ఈ పిల్లకి ఊరికే చేతిలో ఎందుకు పెట్టాలి?

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు చిన్నకోడలు అడిగింది. "చూశావా అక్కా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది," అంది పెద్దకోడలు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. అది చూసి మళ్ళీ మండింది.

కొత్త టేబుల్ ఎక్కించి అందరి ముందూ మిషన్ నడిపి చూసే ట్రయల్‌కి ఇంకా పదకొండు రోజులుంది. ట్రయల్లోనూ నడిపేది కొత్త డిజైనే. తప్పు అక్కడ బయటపడదు. మిషన్లు వెళ్ళాక ఏదో ఒక ఫ్యాక్టరీ నుంచి ఫోను వస్తుంది. స్వెట్టర్లు పాడవుతాయి, అంతేగా, దారమే కదా, ఎవరి ప్రాణమూ పోదు. మేనేజరు చిన్నకోడల్ని నిలబెట్టి అడుగుతాడు. అప్పుడు తను వెళుతుంది. తొందర లేకుండా వెళుతుంది. "అది ఖాళీల వల్ల సార్," అంటుంది. రెండ్రోజులు అడుగుతుంది. ఈ ముచ్చటని ఆమె ఎన్నిసార్లు నెమరేసుకుందో లెక్కలేదు. పళ్ళు తోముకుంటున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు, ఆఖరికి మొగుడు ఏదో చెబుతుంటే ఊ కొడుతూ కూడా అదే.

మధ్యలో ఒకసారి మనసు మెత్తబడింది. అబద్ధమెందుకు, మెత్తబడింది. బస్సులో చిన్నకోడలు కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయి, తల ఆమె భుజం మీద వాల్చింది. నిద్రలో చిన్నపిల్లలా ఉంది. కళ్ళ కింద నలుపు. ఈ ట్రయల్ కోసం ఎంత కష్టపడుతోందో కనిపిస్తూనే ఉంది. చెప్పేద్దాం, ఒక్క మాటే కదా అనుకుంది. ఇంతలో బస్సు కుదిపితే ఆ పిల్ల లేచింది.

"అక్కా, నీకొక మాట చెప్పాలి. ట్రయల్ అయ్యాక టేబుల్ బాధ్యత నన్ను తీసుకోమంటున్నారు మేనేజరుగారు. అక్కని అడక్కుండా తీసుకోనని చెప్పాను."

"ఇచ్చేది ఆయన, పుచ్చుకునేది నువ్వు. మధ్యలో నన్నడిగేదేముంది?" అంది పెద్దకోడలు, నోటిదాకా వచ్చిన మాట మింగేసి.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు ఫోన్లో ఎవరితోనో చెబుతోంది. "మా చిన్నది లేదూ, ఆఫీసులో ఏదో కొత్తది కనిపెట్టిందిట. అందరూ మెచ్చుకుంటున్నారుట. ఆఁ, పెద్దదీ అక్కడే చేస్తుందిలే."

అక్కడే చేస్తుందిలే! తొమ్మిదేళ్ళ ఉద్యోగం ఆ చివర ఒక 'లే'లో చుట్టేసింది మహాతల్లి. పెద్దకోడలు చెప్పులు విడిచిన చోటే కాసేపు నిలబడిపోయింది. ఇక చెప్పేది లేదని అప్పుడే తేల్చుకుంది.

ట్రయల్ రోజు పొద్దున పదింటికి అందరూ మిషన్ గదిలో చేరారు. గది మధ్యలో పొడవాటి మిషన్, పైన అద్దాల మూత ఎత్తేసి ఉంది. వందల సూదులు వరసగా, వాటి మీద అటూ ఇటూ పరుగెత్తే ఇనప బండి. దాన్ని క్యారేజ్ అంటారు. దారాన్ని లాక్కుపోయేది అదే. మిషన్ నడిపేది ముసలి మెకానిక్. ఆఫీసు మొత్తానికీ ఆయన బాబాయ్. ఆ కంపెనీ మొదటి మిషన్ నుంచీ ఉన్న మనిషి, మిషన్‌తో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

కొత్త డిజైను పెట్టారు. చక్కగా నడిచింది. చారల స్వెట్టర్ చెయ్యి ఒకటి దిగింది, అంచు కూడా ఎక్కడా వంకరలేదు. చప్పట్లు కొట్టారు. మేనేజరు ఆ చేతిని పైకెత్తి చూపించి "శభాష్" అన్నాడు. చిన్నకోడలు సిగ్గుపడుతూ అందర్నీ దాటుకుని అక్క వైపే చూసి నవ్వింది. పెద్దకోడలు కూడా చప్పట్లు కొట్టింది, అరచేతులు మండేలా.

"ఉండండుండండి, నాది కూడా ఒకటి వెయ్యనివ్వండి," అన్నాడు బాబాయ్. చొక్కా జేబులోంచి అరిగిపోయిన కార్డు ఒకటి తీశాడు. "ఏ మిషన్ వచ్చినా నేను ముందు ఇదే వేసి చూస్తా. ఎనిమిదేళ్ళ నుంచీ ఇదే. చంటిపిల్లల స్వెట్టర్. కళ్ళు మూసుకుని నడుపుతా."

కార్డు మిషన్‌లో పెట్టాడు.

పెద్దకోడలి ఒళ్ళు ఝల్లుమంది. భయంతో కాదు, ఆనందంతోనే. ఫ్యాక్టరీ నుంచి ఫోను రానక్కర్లేదు. ఇక్కడే, ఇప్పుడే, ఇందరి ముందూ స్వెట్టర్ వంకరపోతుంది. మెడ కాస్త ముందుకి సాచి చూసింది.

అల్లికలో ఒకటో వరస. రెండో వరస. బాగానే నడుస్తోంది. నడుస్తుంది, మొదట్లో వాడేవన్నీ చిన్న అంకెలు. వాటికంటే ముందు ఖాళీల్లేవు కాబట్టి అవి కదల్లేదు. బాబాయ్ చెయ్యి మిషన్ అంచు మీద ఉంది. తల మాత్రం చిన్నకోడలి వైపు తిప్పి కబుర్లు చెబుతున్నాడు.

"చూడమ్మా, ఆరో వరస అవగానే ఇది ఆగుతుంది. దారం ఎక్కించమని నాకోసం చూస్తుంది. నేను చూడను కూడా చూడను, చెయ్యి దానంతటదే వెళుతుంది."

నాలుగో వరస. ఆగుతుంది అన్న మాట పెద్దకోడలి చెవిలో పడింది. ఆగడం అంటే డెబ్భై ఆరు. డెబ్భై ఆరుకి ముందు ఖాళీలు ఐదు. అంటే ఇప్పుడు డెబ్భై ఆరు దగ్గర ఉన్నది పాత ఎనభై ఒకటి. ఎనభై ఒకటి అంటే ఆగు కాదు. ఎనభై ఒకటి అంటే పూర్తి వేగంతో ఎడమ చివరికి పో.

ఐదో వరస అయింది. బాబాయ్ నవ్వుతూ ఏదో అంటున్నాడు. చెయ్యి అంచు మీంచి లేచింది.

"బాబాయ్, చెయ్యి పెట్టకు!"

అది తన గొంతేనని ఆమెకే తెలియలేదు. గది అదిరింది. బాబాయ్ చెయ్యి సూదుల మీద జానెడు ఎత్తులో గాల్లో ఆగిపోయింది. మిషన్ ఆగలేదు. ఆరో వరస పూర్తి చేసి, క్యారేజ్ ఒక్కసారిగా ఎడమకి దూసుకుపోయింది. ఎక్కించని దారం చిక్కుపడి, సూదులు పటపటా విరిగి కింద రాలాయి. బాబాయ్ రెండో చేత్తో ఎర్ర మీట కొట్టాడు. అప్పుడు ఆగింది.

బాబాయ్ తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత పెద్దకోడలి వైపు తిరిగాడు.

"నువ్వరిచేటప్పటికి మిషన్ సరిగ్గానే నడుస్తోంది కదమ్మా. అది ఆగదని నీకెలా తెలిసింది?"

మేనేజరు కూడా చూశాడు. అందరూ చూశారు. చిన్నకోడలు మాత్రం విరిగిన సూదుల్ని, పాత కార్డుని చూసింది. తెలివైన పిల్ల. పదిహేడు వరసలూ ఆమె కళ్ళ ముందు వరసగా నిలబడి ఉంటాయి. నెమ్మదిగా తలెత్తి అక్క మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బావుండేది.

"నేనే చెప్పాను సార్ అక్కకి," అంది చిన్నకోడలు. "పాత కార్డుల విషయంలో నిన్న నాకు కాస్త అనుమానం వచ్చింది. కనిపెట్టి ఉండమన్నాను."

"అనుమానం ఉంటే ట్రయల్ ఎందుకు పెట్టావు?" మేనేజరు గొంతు లేచింది. "ఆయన చెయ్యి పోయి ఉంటే? ఇదేమన్నా ఆటనుకున్నావా? బుద్ధుండక్కర్లేదూ?"

చిన్నకోడలు తల వంచుకుని నిలబడింది. పదకొండు రోజులుగా పెద్దకోడలు రంగురంగులుగా ఊహించుకున్న దృశ్యం ఇదే. అచ్చు ఇలాగే, అందరి ముందూ, తలొంచుకుని. తీరా కళ్ళ ముందుకి వచ్చేసరికి రుచించలేదు. ఆ తిట్లు పడుతున్నది తన కోసం. తను చేసిన పాడుపనిని ఆ పిల్ల కొంగు కప్పి దాస్తోంది. ఇక ఈ ఇంట్లో, ఈ ఆఫీసులో, బతికినన్నాళ్ళూ ఆ పిల్ల దయ మీద తలెత్తుకు తిరగాలి. టేబుల్ తీసుకుంది, మేనేజర్ని తీసుకుంది, అత్తగారిని తీసుకుంది. ఇప్పుడు మంచితనంలో కూడా ఆ పిల్లే పైమెట్టు ఎక్కి కూర్చుంటుందా?

"అదేం లేదు," అంది పెద్దకోడలు. "నాకెవరూ చెప్పలేదు. పదకొండు రోజుల నుంచీ నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు."

ఇది పశ్చాత్తాపం అనుకునేరు. కాదు. కుళ్ళే ఆమె చేత నిజం పలికించింది. పలికాక గుండె తేలికైంది కూడా, ఒక్క క్షణం. ఆ క్షణం కాగానే మేనేజరు చిన్నకోడలి వైపు తిరిగాడు.

"అయితే నువ్వు ఇప్పుడు నా మొహం మీదే అబద్ధం చెప్పావన్నమాట."

చిన్నకోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దకోడలు నిజం చెప్పింది, ఆ నిజం తగిలింది మళ్ళీ ఆ పిల్లకే. ఇందరి ముందూ ఆమెని అబద్ధాలకోరుని చేసి నిలబెట్టింది.

అనాల్సింది బాబాయే అన్నాడు. విరిగిన సూదులు ఏరుతూ, ఎవరి వైపూ చూడకుండా.

"మీ తోడికోడళ్ళ పోట్లాటలు ఇంట్లో పెట్టుకోండి తల్లీ. ఇక్కడ నా వేళ్ళున్నాయి."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఈ పదకొండు రోజుల్లో ఆమె మేనేజర్ని తలచుకుంది, అత్తగార్ని తలచుకుంది, వంకరపోయే స్వెట్టర్లని కూడా తలచుకుంది. డెబ్భై ఆరు అంటే ఏమిటో ఆ గదిలో ఆమెకంటే బాగా తెలిసిన వాళ్ళు లేరు. అక్కడ ఒక మనిషి చెయ్యి ఉంటుందని మాత్రం తలచుకోలేదు.

మేనేజరు ఇద్దర్నీ తన గదిలోకి కూడా పిలవలేదు. "సాయంత్రంలోగా ఆ టేబుల్ సరిచెయ్యండి. మిగతా సంగతి రేపు చూస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఇద్దరూ చిన్నకోడలి సీటు దగ్గర కూర్చున్నారు. పెద్దకోడలు కుర్చీ తనే లాక్కుని పక్కన వేసుకుంది.

"తప్పయింది నాది," అంది.

"ముందు అంకెలు చెప్పు," అంది చిన్నకోడలు.

"మేనేజరు ముందు నిన్ను నేనలా..."

"అంకెలు చెప్పక్కా."

చెప్పింది. నలభై ఏడు, యాభై రెండు, యాభై మూడు, అరవై ఎనిమిది, డెబ్భై ఒకటి. ఏ కాగితమూ చూడకుండా, ఏ ఏడు ఏ పని తీసేశారో, ఎందుకు తీసేశారో కలిపి చెప్పింది. తొంభై దగ్గర గొంతు బొంగురుపోయింది. చిన్నకోడలు ఆగలేదు, మంచినీళ్ళు తాగమనలేదు. ఒక్కో అంకె దగ్గర 'ఖాళీ, ఎప్పటికీ వాడకూడదు' అని రాసుకుంటూ పోయింది. పదిహేడూ అయ్యాయి. మీట నొక్కింది. కొత్త టేబుల్ వచ్చింది. దాన్ని పాత టేబుల్ పక్కన పెట్టి కంప్యూటర్ చేత పోల్పించి చూసింది. రెండొందల పద్నాలుగు వరసలు, ఒక్క తేడా లేదు. తొమ్మిదేళ్ళ చెయ్యీ అరక్షణం ప్రోగ్రామూ చివరికి ఒకటే టేబుల్ రాశాయి. నిన్నైతే ఆ మాటకి ఆమె కడుపు మండేది. ఇప్పుడు దానికి కూడా ఓపిక లేదు.

చిన్నకోడలు కుర్చీ ఇటు తిప్పింది.

"టేబుల్ వరకూ నేను పోల్చి చూసుకోగలను. టేబుల్లో లేనివి? పాత మిషన్ల గురించి నీకు తెలిసి నాకు తెలియనివి ఇంకేమన్నా ఉన్నాయా?"

పెద్దకోడలు ఆలోచించింది. నిజంగానే, దాచకుండా, మొదటి ఏడు నుంచి ఈ పొద్దుటిదాకా అంతా వెతుక్కుంది.

"లేవు. ఇంతే."

"నిజంగా ఇంతేనా?"

ఆమె మాటని ఆ ఆఫీసులో ఎవరూ అలా రెండోసారి అడగలేదు. దీన్ని పోల్చి చూసే ప్రోగ్రాం ఏదీ లేదు. ఆ పిల్ల నమ్మాలి, లేకపోతే లేదు. చిన్నకోడలు ఆమె మొహంలోకి చూసింది. ఆ తర్వాత తెర వైపు తిరిగిపోయింది.

"నిజంగా ఇంతే," అంది పెద్దకోడలు ఆ వీపుతో. కీబోర్డు చప్పుడు మొదలైంది. మళ్ళీ తనే అంది. "టేబుల్ నువ్వే తీసుకో. రేపు ఆయనకి నేనే చెబుతాను."

"తీసుకుంటాను," అంది చిన్నకోడలు టైపు చేస్తూనే. "నువ్విస్తున్నావని మాత్రం కాదు."